కోరంగి వెళ్తే బురద చూడండి

కోరంగి అభయారణ్యం చూసొచ్చినవాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే మాట: "చెట్లున్నాయి, బురద ఉంది, బోటెక్కాం, వచ్చేశాం." వాళ్ళని తప్పు పట్టలేం. మిట్ట మధ్యాహ్నం, అదీ పోటు నిండుగా ఉన్న వేళ వెళ్తే కనిపించేది అంతే. అడవి అనగానే పులి కోసమో జింక కోసమో దూరంగా చూడటం మనకి అలవాటు. ఇక్కడ చూడాల్సినవన్నీ నడవడానికి వేసిన చెక్క వంతెన కమ్ములకి కింద, బురదలో ఉంటాయి. ఆ బురద ఎక్కడిదో, ఎవరు తెచ్చిపోశారో తెలిస్తే ఆ చెట్లూ, ఆ పీతలూ, ఎదుట ఉన్న సముద్రమూ అన్నీ ఒక వరసలోకి వస్తాయి. అందుకే వెళ్ళేముందు జనం అడిగే ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ కాస్త నింపాదిగా జవాబు చెప్పుకుందాం.

చోటు కాకినాడ జిల్లా, తాళ్ళరేవు మండలం. కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపే. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే.

ఇక్కడ గోదావరి ఏది? కనిపించదేం?

ధవళేశ్వరం దాటాక గోదావరి ఒక నది కాదు. తూర్పుగా గౌతమి, పడమరగా వశిష్ఠ. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ. గౌతమి సముద్రం వైపు పోతూ పోతూ ఉత్తరానికి రెండు చిన్న పాయల్ని వదులుతుంది: ఒకటి కోరంగి, రెండోది గాడేరు. ఈ రెండూ మడ అడవిలోంచి మెలికలు తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. మీరు బోటెక్కేది ఈ పాయల నీళ్ళలోనే. రాజమండ్రి దగ్గర చూసిన గోదావరిని మనసులో పెట్టుకుని వెళ్తే ఇది కాలవలా అనిపిస్తుంది. కానీ ఆ పెద్ద గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి 1,465 కిలోమీటర్లు మోసుకొచ్చిన మట్టిని దించేది ఇలాంటి చోట్లే.

ఇక్కడే ఎందుకు దించుతుందంటే, నీటి వేగం తగ్గితే మోసే శక్తీ తగ్గుతుంది. ముందు ముతక ఇసుక పడిపోతుంది. మెత్తటి బంకమట్టి రేణువులు మాత్రం మంచినీళ్ళలో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. ఉప్పునీరు తగలగానే ఆ నెట్టుడు ఆగిపోయి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, అడుగుకి చేరతాయి. నదీ సముద్రమూ కలిసే మొగ దగ్గర నీళ్ళు ఎప్పుడూ కలకగా ఉండటానికీ, కాలు పెడితే మోకాలి దాకా దిగిపోయేంత మెత్తగా బురద పేరుకోవడానికీ కారణం ఇదే. మంచుయుగం పోయాక సముద్ర మట్టం పెరిగి పెరిగి నిలకడకు వచ్చిన దగ్గర్నుంచీ, అంటే ఆరేడు వేల ఏళ్ళుగా, ఈ పని సాగుతూనే ఉంది. కోనసీమ కొబ్బరితోటల కింద ఉన్నదంతా ఇలా పోగుపడిన నేలే.

హోప్ ఐలాండ్ ఎలా పుట్టింది?

ఇది ఈ ప్రాంతపు కథలో గుండెకాయ లాంటిది కాబట్టి కాస్త ఆగుదాం.

బంకమట్టి మొగ దగ్గరే ఉండిపోతే, ఇసుక సంగతి వేరు. దాన్ని అలలు ఎత్తుకుపోతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు మన తీరాన్ని ఏటవాలుగా, దక్షిణం వైపు నుంచి తాకుతాయి. తాకిన ప్రతి అలా ఇసుకని గట్టు మీదికి ఏటవాలుగా నెట్టి, వెనక్కి పోయేటప్పుడు నేరుగా లాక్కుపోతుంది. అలా ఒక్కో రేణువు రంపపు పళ్ళ దారిలో ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో ఇదే పని వెనక్కి, దక్షిణానికి జరిగినా, ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానిదే పైచెయ్యి.

గౌతమి మొగ దగ్గర నది తెచ్చి పోసిన ఇసుక ఇలా ఉత్తరానికి జరుగుతూ, నేల వంపు తిరిగిన చోట తీరాన్ని వదిలేసి నేరుగా నీళ్ళలోకి సాగింది. మోచెయ్యి చాచినట్టు పదహారు కిలోమీటర్లకు పైగా పొడవున ఒక సన్నటి ఇసుక దిబ్బ తయారైంది. దాన్నే హోప్ ఐలాండ్ అంటున్నాం. ఇదేమీ ఎప్పటినుంచో ఉన్న దీవి కాదు. సుమారు రెండు వందల ఏళ్ళలో పెరిగింది. నదుల వయసు లెక్కలో అది నిన్నా మొన్నటి మాట.

ఈ దిబ్బ లేచాక దాని వెనకున్న నీళ్ళకి బంగాళాఖాతం అలల దెబ్బ తగ్గింది. అదే కాకినాడ అఖాతం. అలలు లేని నీళ్ళలో బురద తేరుకుని అడుగున పడుతుంది. పడిన బురద పాటు సమయంలో, అంటే నీళ్ళు దిగినప్పుడు, బయటపడేంత ఎత్తుకి వస్తే మడ విత్తనం దాని మీద నిలుస్తుంది. నిలిచిన మొక్క వేళ్ళు మరింత బురదని పట్టి ఆపుతాయి. నది తెచ్చిన ఇసుక ఒక గోడ కడితే, నది తెచ్చిన మట్టి ఆ గోడ చాటున అడవైంది. కాకినాడకి రేవు దక్కిందీ దాని చలవతోనే. దిబ్బ చాటున ఓడలు నిశ్చింతగా లంగరు వేసుకోగలిగాయి.

మరి కోరంగి రేవు ఏమైంది?

అదీ నది పనే, సగం. ఈ రోజు రోడ్డు పక్కన చిన్న ఊరుగా కనిపించే కోరంగి ఒకప్పుడు తూర్పు తీరంలో పేరున్న రేవు. ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. పక్కనే యానాంలో ఫ్రెంచివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు బట్టల వ్యాపారం నడిపారు. ఇక్కడినుంచి బర్మా వెళ్ళినవాళ్ళు ఎంతమంది అంటే, రంగూన్‌లో తెలుగువాళ్ళు ఏ ఊరివాళ్ళైనా సరే అక్కడి జనం 'కోరంగీలు' అనే పిలిచేవారు.

1789 డిసెంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన కెరటాలతో ఊరిని ముంచింది. యాభై ఏళ్ళకి, 1839 నవంబరు 25న, మరొకటి. ఈ రెండోదానిలో మూడు లక్షల మంది పోయారన్న అంకె చాలాచోట్ల చూస్తాం. ఆనాటి ఆ ప్రాంతపు జనాభాని తలుచుకుంటే నాకది నమ్మబుద్ధి కాదు. ఊరు మళ్ళీ కోలుకోలేదన్నది మాత్రం నిజం. అయితే తుఫాన్లనే అంటే సరిపోదు. తుఫాను దెబ్బ తిన్న రేవులు తిరిగి లేచిన సందర్భాలు కోకొల్లలు. కోరంగికి ఆ అవకాశం లేకుండా చేసింది ఒండ్రు. పాయ ఏటికేడు పూడుకుపోయి, పెద్ద ఓడ లోపలికి వచ్చే లోతే లేకుండా పోయింది. వ్యాపారం కాకినాడకి మళ్ళింది. తాళ్ళరేవు దగ్గర ఏటి ఒడ్డున ఇప్పటికీ చెక్క పడవలు కడుతుంటారు. దారిలో బండి ఆపి చూడొచ్చు.

ఉప్పు బురదలో చెట్లు ఎలా బతుకుతున్నాయి?

చెక్క వంతెన మీద నడుస్తున్నప్పుడు ఇక్కడ ఆగండి. జనం ఫోటోలు దిగి ముందుకు పోతారు. మీరు కమ్మీకి ఆనుకుని కిందికి చూడండి.

బురదలోంచి జానెడేసి పొడవున వందల కొద్దీ పుల్లలు నిటారుగా లేచి ఉంటాయి. ఎవరో పాతినట్టు ఉంటుంది గానీ, అవి మడ చెట్టు వేళ్ళు. వేరు కిందికి పోవాలి కదా, పైకెందుకు లేచింది? ఈ బురదలో గాలి లేదు. రేణువులు మరీ మెత్తన, పైగా రోజుకి రెండుసార్లు నీళ్ళు నిలుస్తాయి. పైన వేలెడు మందం వదిలేస్తే లోపలంతా నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో ఉంటుంది. అక్కడి సూక్ష్మజీవులు ఆక్సిజన్ లేకుండా బతకడం వల్ల వచ్చే వాసన అది. "మురికి కాలవ కంపు" అని ముక్కు మూసుకునేవాళ్ళు ఉంటారు. అది మురికి కాదు, ఆరోగ్యంగా ఉన్న మడ బురదకి ఉండాల్సిన వాసనే. అలాంటి చోట వేరుకి ఊపిరి ఆడాలంటే బయటికి రావాలి. ఆ పుల్లల మీద సన్నటి రంధ్రాలుంటాయి. పాటు వేళ వాటితో గాలి పీల్చి కింది వేళ్ళకి పంపుతాయి.

ఉప్పు సంగతి మరొకటి. ఇక్కడ ఎక్కువగా ఉన్నవి తెల్లమడ, నల్లమడ. ఎండ పొద్దున ఆకు మీద వేలు రాసి నాలుకకి తగిలించుకోండి. ఉప్పగా ఉంటుంది. వేళ్ళు కొంత ఉప్పుని లోపలికి రానివ్వవు. వచ్చినదాన్ని ఆకులు చెమటలా బయటికి తోసేస్తాయి. ఆకు తెంపకుండానే ఈ పరీక్ష చెయ్యొచ్చు, అభయారణ్యంలో తెంపకూడదు కూడా. కానీ ముందు అది మడ ఆకేనని పక్కనున్న గార్డునో గైడునో అడిగి తెలుసుకోండి. ఎందుకంటే ఈ చెట్ల మధ్యే తిల్ల ఉంటుంది. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, ఒంటికి తగిలితే బొబ్బలు. కట్టెల కోసం వెళ్ళేవాళ్ళు దాని జోలికి పోకపోవడం అందుకే.

పొన్న జాతి చెట్లు పాయల అంచుల్లో కనిపిస్తాయి. కాండం మీదనుంచే వేళ్ళు నాలుగు వైపులా వంగి బురదలో దిగుతాయి. దాని కాయని గమనించండి: విత్తనం తల్లి చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పచ్చటి పొడవాటి కాడలా వేలాడుతుంది. రోజుకి రెండుసార్లు నీళ్ళొచ్చి తుడిచిపెట్టే నేలలో విత్తనం తాపీగా మొలకెత్తుతానంటే కుదరదు. సగం మొక్కై రాలితే, బురదలో గుచ్చుకున్నా సరే, నీళ్ళలో తేలి మరో చోట తగిలినా సరే, వెంటనే వేరు పోసుకోగలదు.

ఇక పీతలు. మగ పీతకి ఒక డెక్క ఒంటికి మించినంత పెద్దది, రెండోది చిన్నది. చిన్న డెక్కతో బురద తీసి నోట్లో పెట్టుకుని, అందులోని నాచూ గీచూ జల్లించుకుని, మిగిలిన మట్టిని ఉండ చేసి కింద పెడుతుంది. పెద్ద డెక్క తిండికి పనికిరాదు, అది ఆడ పీతని పిలవడానికీ, పక్క బొరియ వాణ్ణి బెదిరించడానికీ. మీ నీడ పడితే వందలాది పీతలు ఒక్కసారిగా మాయమవుతాయి. కదలకుండా అయిదు నిమిషాలు నిలబడండి, మళ్ళీ ఒక్కొక్కటే వస్తాయి. అవి తవ్విన బొరియలే ఈ గాలాడని నేలకి గాలి దారులు. వాటి మధ్య రెక్కల మీద ఆనుకుంటూ గెంతే చిన్న చేపలు కనిపిస్తాయి. నీళ్ళలోంచి బయటికొచ్చి బురద మీద తిరిగే చేపలు ఇవి. చర్మం తడిగా ఉన్నంతసేపూ దానితోనే ఊపిరి తీసుకోగలవు.

ఎప్పుడు వెళ్ళాలి? ఎలా?

నెల చూసే ముందు పోటు చూడండి. పైన చెప్పిన పీతలూ, పుల్లల వేళ్ళూ, గెంతే చేపలూ అన్నీ పాటు అడుగున ఉన్నప్పుడే కనిపిస్తాయి. అదే వేళ బోటు ఎక్కితే మాత్రం సుఖం లేదు. పాయలు సన్నబడి, సరంగు లోతు చూసుకుంటూ ఒక గీతలోనే నడపాల్సి వస్తుంది. కాబట్టి వరస ఇలా పెట్టుకోవాలి: పాటు అడుగున వంతెన నడక, పోటు ఎక్కుతుండగా బోటు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ రోజురోజుకీ ముప్పావు గంట నుంచి గంట దాకా ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర తేడా ఎక్కువ: నీళ్ళు బాగా ఎక్కుతాయి, బాగా దిగుతాయి. అష్టమి అటూ ఇటూ ఆ తేడా మందగిస్తుంది. కాకినాడ పేరుతో పోటు పట్టికలు ఫోన్‌లోనే దొరుకుతాయి. పల్లెకారులకి అవీ అక్కర్లేదు, తిథి అడిగి వేళ చెప్పేస్తారు.

ఇక నెలలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా చల్లగా ఉంటుంది. ఉత్తరాది దేశాలనుంచి వచ్చిన వలస పిట్టలు అఖాతం బురద మేటల మీద మేస్తుంటాయి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు హోప్ ఐలాండ్ ఇసుకలోకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ దిబ్బ మీదికి బోటు కాకినాడ వైపు నుంచి వెళ్తుంది, అనుమతి, వాతావరణం రెండూ చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, హెచ్చరిక ఉంటే బోట్లు ఆపేస్తారు, బతిమాలకండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎవరూ సిఫారసు చెయ్యరు గానీ, నన్నడిగితే నదిని చూడాలంటే అప్పుడే. పైన వరదొచ్చినప్పుడు పాయల్లో నీళ్ళు ఎర్రగా మారతాయి. పులస సముద్రంలోంచి గోదావరిలోకి ఎదురెక్కేదీ ఆ నీళ్ళలోనే.

మన పెద్దవాళ్ళకి ఈ మొగల యాత్ర కొత్త కాదు. పుష్య బహుళ అమావాస్యని ఇక్కడ చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు చొల్లంగిలో సముద్ర స్నానంతో సప్తసాగర యాత్ర మొదలుపెట్టి, గోదావరి పాయలు సముద్రంలో కలిసే ఏడు చోట్లా మునిగి, అంతర్వేదిలో ముగిస్తారు. తిథి ప్రకారం అమావాస్య నాడే ఎందుకంటే పుణ్యం సంగతి పురోహితుడు చెప్పాలి. పోటు బలంగా ఉండేదీ ఆ రోజే అన్నది మాత్రం నేను చెప్పగలను.

రైల్లో వచ్చేవాళ్ళు సామర్లకోటలో గానీ కాకినాడలో గానీ దిగొచ్చు. కాకినాడ నుంచి యానాం బస్సులు ఈ రోడ్డునే పోతాయి. ఆదివారం వద్దు. వంతెన మీద పాటలూ కేకలూ ఉంటే పీత కూడా బయటికి రాదు. దోమలకి ఏదైనా రాసుకోండి, లేత రంగు బట్టలు కట్టుకోండి, చిప్స్ ప్యాకెట్ జేబులోనే ఉంచుకోండి.

జంతువులు కనిపిస్తాయా?

నీటి కుక్కలు, అదృష్టం బాగుంటే, పొద్దున్నే పాయ అంచున. చేపలు పట్టుకు తినే బావురు పిల్లికి ఇది దేశంలోనే ముఖ్యమైన నివాసం. అది రాత్రి తిరిగే జంతువు, కాబట్టి పగలు బోటులో వెళ్ళి చూస్తాననుకోకండి. బురదలో దాని పాదముద్ర కనబడితే అదే గొప్ప.

సుందర్బన్స్ తర్వాత రెండోదట కదా?

బోర్డుల మీదా, వార్తల్లోనూ అలాగే రాస్తారు. 2021 అటవీ సర్వే నివేదిక ప్రకారం మడ అడవి పశ్చిమ బెంగాల్‌లో 2,114 చదరపు కిలోమీటర్లు, గుజరాత్‌లో 1,175, ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద 405. అంటే రాష్ట్రమంతా కలిపినా గుజరాత్ కన్నా తక్కువే, రెండో స్థానం కుదరదు. కోరంగికి ఈ బిరుదు లేకపోయినా వచ్చే నష్టమేమీ లేదు.

అడవి మధ్యలో ఆ బోడి నేలలేమిటి?

పూర్వం అటవీ శాఖే ఇక్కడ కట్టెల కోసం కూపులు వేసి వంతులవారీగా నరికించేది. ఒక చెక్క మొత్తం నరికేస్తే నేల మీద ఎండ పడి, బురద ఎండి, కుంగి పళ్ళెంలా గుంటపడుతుంది. పోటు నీళ్ళు ఆ గుంటలోకి వచ్చి తిరిగి పోలేక ఎండిపోతాయి, ఉప్పు మిగులుతుంది. కొన్నాళ్ళకి మడ కూడా తట్టుకోలేనంత ఉప్పు. నరకడం ఆపినా అక్కడ చెట్టు మొలవకపోవడానికి కారణం ఇదే. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కలిసి దీనికి ఒక మందు కనిపెట్టారు. నడుమ ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా చేపముల్లు ఆకారంలో పిల్ల కాలవలు తవ్వి, వాటిని పాయకి కలిపారు. పోటు నీళ్ళు వచ్చి, పాటుతో తిరిగి పోవడం మొదలైంది. ఉప్పు కడిగేసుకుపోయింది. కాలవ గట్ల మీద మడ మొక్కలు నాటితే పట్టుకున్నాయి. బోటులో పోతుంటే వరసగా, ఒకే ఎత్తున కనిపించే చెట్లు కొన్ని అలా నాటినవే.

ఈ అడవి ఇలాగే ఉంటుందా?

నది ఒండ్రు తెస్తున్నంతకాలం పెరుగుతుంది, తేవడం తగ్గితే అలల చేతికి చిక్కుతుంది. గోదావరి మీదా దాని ఉపనదుల మీదా కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కలు తీస్తే, 1970లతో పోల్చినప్పుడు 1990ల నాటికే డెల్టాకి చేరే ఒండ్రు సగానికన్నా కిందికి పడిపోయింది. పోలవరం పూర్తయితే అక్కడా కొంత ఆగుతుంది. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచీ ఈ డెల్టా అన్నం పెడుతోంది నీళ్ళ వల్ల. ఆ నీళ్ళు కాలవల్లోకి మళ్ళినకొద్దీ ఎండాకాలంలో మడకి అందే మంచినీళ్ళు తగ్గాయి. రెండూ నిజాలే, ఒకదాన్ని చెప్పి రెండోది దాచకూడదు.

తీరానికి ఇసుక అందకపోతే ఏమవుతుందో చూడాలంటే కాకినాడకి ఉత్తరాన ఉన్న ఉప్పాడ వెళ్ళాలి. ఉత్తరానికి నడిచే ఇసుకని హోప్ ఐలాండ్ తన దగ్గరే పట్టుకుంటోంది. దానికి తోడు రేవు కట్టడాలున్నాయి. ఉప్పాడకి రావలసిన ఇసుక రావడం లేదు, ఉన్నదాన్ని అలలు తీసుకుపోతూనే ఉన్నాయి. దక్షిణాన కొత్త నేల, ఉత్తరాన కోత: రెండూ ఒకే లెక్కలోవి. ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచుల గోడ కట్టారు, బండరాళ్ళు వేశారు, అయినా ఇళ్ళు పోతూనే ఉన్నాయి. చీరల కోసం ఎలాగూ ఉప్పాడ వెళ్తారు కాబట్టి, కాకినాడ నుంచి బీచ్ రోడ్డున వెళ్ళండి. అల్పపీడనం ఉన్నప్పుడు, అమావాస్య పౌర్ణమి పోట్లకి కెరటాలు ఆ రోడ్డు మీదే విరుగుతాయి, పోలీసులు బండ్లు ఆపేస్తారు. అలాంటి రోజైతే పిఠాపురం మీదుగా చుట్టి వెళ్ళాలి.